వకీలు ఫోన్ ఎత్తడు, ఇప్పుడు జీపీఏ రాసివ్వమంటున్నాడు – తాత భూమి పాలు కేసు

పాలమూరు_ఆడబిడ్డ
మాది కల్వకుర్తి దిక్కు ఊరు. తాత పేరు మీద 12 ఎకరాల 20 గుంటల చెల్క ఉండేది. తాత 1998లో పోయాడు, మా నాయిన 2016లో. నాయినకు ఒక అన్న, ఒక తమ్ముడు. కాగితం మీద ఎన్నడూ పాలు (వాటాలు) పంచుకోలేదు, నోటిమాట మీద ఎవరి ముక్క వాళ్లు దున్నుకున్నారు. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన వచ్చినప్పుడు పెదనాయన మొత్తం తన పేరు మీద విరాసత్ (వారసత్వ పట్టా మార్పిడి) చేయించుకున్నాడు. మరుసటి ఏడు రైతుబంధు చెక్కులు పంచినప్పుడు గానీ ఆ సంగతి మాకు తెలియలేదు.

నిలదీస్తే "మీ తమ్మునికి ఎప్పటికైనా ఇస్తా, పెళ్లయిపోయిన ఆడపిల్లకు భూమేంది" అన్నాడు. తమ్మునికీ ఇవ్వలేదు. 2021లో అమ్మ, నేను, తమ్ముడు కలిసి విభజన దావా వేశాం.

అసలు టెన్షన్ మా వకీలుతో. పాత పాసుబుక్కు, పహాణీ (సాగు రికార్డు) నకళ్లు, నాయిన మరణ ధ్రువపత్రం అన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. ఫోన్ చేస్తే గుమాస్తా ఎత్తి "వాయిదా పడ్డది" అంటాడు. ఎందుకు పడ్డది, మళ్లీ ఎప్పుడు అంటే సమాధానం లేదు. కేసు నంబర్ అడిగితే "మీకెందుకమ్మా, మేం చూసుకుంటాం కదా" అంటారు. ఈ మధ్య ఆయనే పిలిపించాడు. మా దిక్కు భూముల ధరలు పెరిగాయి కాబట్టి ఇక ఫీజు వద్దట, గెలిచాక 30 గుంటలు ఆయనకు రాసివ్వాలట. తమ్ముడు పుణెలో, నేను ఎల్బీనగర్‌లో ఉంటాం కాబట్టి గుమాస్తా పేరు మీద జీపీఏ (మన తరఫున పనులు చేసే అధికారం ఇచ్చే పత్రం) ఇస్తే పని తొందరగా అవుతుందట.

అమ్మ విసిగిపోయింది, సంతకం పెట్టి వదిలేద్దాం అంటోంది. నాకు మనసొప్పడం లేదు. ఏం చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

చెల్క_రైతు
జీపీఏ మీద సంతకం పెట్టకండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

డిండి_వాగు
+1. గుమాస్తా పేరు మీద జీపీఏ ఏంది అక్కా! కోర్టులో కేసు నడపడానికి వకాలత్ చాలు. అది మీరు 2021లోనే ఇచ్చారు కదా.

నల్లకోటు
నేను నల్గొండలో ప్రాక్టీసు చేస్తాను. రెండు విషయాలు స్పష్టంగా చెబుతాను.

వకాలత్ వేరు, జీపీఏ వేరు. వకాలత్‌తో మీ తరఫున కోర్టులో నిలబడే అధికారం మాత్రమే వస్తుంది. జీపీఏలో ఏం రాస్తే ఆ అధికారమంతా ఆయన చేతికి పోతుంది. అందులో అమ్మకం అనే మాట ఒక్కటి ఉన్నా ఆయన మీ పాలు ఇంకొకరికి రిజిస్ట్రేషన్ చేయగలడు. డిక్రీ (కోర్టు తీర్పు పత్రం) రాకముందే బయట కొనుగోలుదారును చూసి పెట్టుకున్న సందర్భాలు మా వకీళ్లలో అందరికీ తెలుసు.

రెండోది 30 గుంటల సంగతి. గెలిస్తే ఇంత వాటా అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలకు విరుద్ధం. 20వ నియమంలో ఫలితం మీద ఆధారపడిన ఫీజు కుదుర్చుకోరాదని, వచ్చే ఆస్తిలో భాగం తీసుకోరాదని సూటిగా ఉంది. ఆయనకు ఇది తెలియకుండా ఉండదు.

పాలమూరు_ఆడబిడ్డ
@నల్లకోటు ఈ నియమం మాకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. మా ఊళ్లో అందరూ "ఎకరాకు ఇన్ని గుంటలు వకీలుకు" అని మామూలుగా అనుకుంటారు.

మూసీ_గట్టు
మా దిక్కు కూడా అంతే. చిట్యాల, చౌటుప్పల్ పక్కన రీజినల్ రింగ్ రోడ్డు మాట వచ్చినప్పటి నుంచి పాత కేసుల్లో అందరికీ ప్రాణం వచ్చింది. మా చిన్నాయన వాళ్లు వకీలుకు భూమి ఇస్తామని బాండు పేపర్ మీద రాసిచ్చారు. ఇప్పుడు అన్నదమ్ములతో ఒక పంచాది, వకీలుతో ఇంకో పంచాది.

ఎర్రమన్ను
వకీలు మీద కన్జ్యూమర్ కోర్టులో కేసు వేయండి. సేవా లోపం అని. మా బావమరిది ఒక ఆస్పత్రి మీద వేసి గెలిచాడు.

నల్లకోటు
@ఎర్రమన్ను ఆస్పత్రి సంగతి వేరు. న్యాయవాదుల వృత్తి సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు 2024 మే 14న తీర్పు ఇచ్చింది. ఆ దారి మూసుకుపోయింది. వృత్తి దుష్ప్రవర్తన ఉంటే 1961 నాటి న్యాయవాదుల చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అయితే ఇప్పుడే అక్కడికి పోవద్దు. ముందు కేసు బతికి ఉందో లేదో చూడండి.

పెద్దమనిషి_60
నా మాట కొంచెం చేదుగా ఉంటుంది, ఏమనుకోవద్దు. కోర్టుల చుట్టూ తిరిగితే మీ తరం అయిపోతుంది. ఊళ్లో నలుగురు పెద్దమనుషులను కూర్చోబెట్టి, పెదనాయన కాళ్లు పట్టుకునైనా తమ్మునికి మూడెకరాలు రాయించుకోండి. మీకు నాలుగు తులాల బంగారం ఇప్పించుకోండి. పుట్టింటితో సంబంధం మిగులుతుంది. ఆడబిడ్డ కోర్టుకెక్కితే పండుగకు పిలిచేవాళ్లు ఉండరు.

గద్వాల_చీర
@పెద్దమనిషి_60 ఈ మాట మా ఇంట్లో కూడా విన్నా. కోర్టుకెక్కక ముందే నన్ను పండుగకు పిలవడం మానేశారు, "పాలు" అనే మాట నోట్లోంచి రాగానే. పిలిచినప్పుడైనా ఒక చీర పెట్టి పంపేవాళ్లు. భూమి ఖరీదు, చీర ఖరీదు ఒకటి కావు కదా పెద్దాయనా. కట్నం ఇచ్చాం అంటారు. ఆ కట్నం నా పేరు మీద ఒక్క రూపాయి కూడా లేదు, అత్తింటి అప్పులకు పోయింది.

పెద్దమనిషి_60
@గద్వాల_చీర నీ బాధ నాకు అర్థమైంది బిడ్డా. నేను ఆడపిల్లకు వద్దు అనలేదు. దావాల్లో భూములు అమ్ముకున్న కుటుంబాలను చూసి చెబుతున్నా.

చెల్క_రైతు
పెద్దాయన మాటలో ఒక నిజం ఉంది, రాజీ ఎప్పుడూ మంచిదే. కానీ రాజీ పడాలంటే మన చేతిలో ఏదో ఒకటి ఉండాలి. పట్టా మొత్తం ఆయన పేరు మీద ఉన్నప్పుడు ఆయన ఎందుకు రాజీ పడతాడు? నడుస్తున్న కేసు ఉంటేనే కూర్చుంటాడు.

డిండి_వాగు
అక్కా, ముందు ఫోన్‌లో ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్ వేసుకోండి. మీ జిల్లా, కోర్టు ఎంచుకుని పెదనాయన పేరు గానీ మీ అమ్మ పేరు గానీ కొట్టండి. కేసు నంబర్ లేకున్నా పార్టీ పేరుతో దొరుకుతుంది. దొరికాక 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబర్ (కేసు గుర్తింపు నంబర్) రాసిపెట్టుకోండి. ఇక తర్వాత ఏ గుమాస్తాను అడిగే పని లేదు, వాయిదా తేదీ మీకే కనబడుతుంది.

ఇంకో సంగతి. 2022 జూన్‌లో కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులు మొదలైనప్పుడు ఫైళ్లు అటూ ఇటూ మారాయి. మహబూబ్‌నగర్‌లో దొరక్కపోతే నాగర్‌కర్నూల్‌లో వెతకండి.

పాలమూరు_ఆడబిడ్డ
దొరికింది! కేసు ఉంది, కొట్టేయలేదు. కానీ "మూడో ప్రతివాదికి నోటీసు, బత్తా కట్టలేదు" అని మళ్లీ మళ్లీ అదే వాయిదా కనబడుతోంది. మూడో ప్రతివాది అంటే మా చిన్నాయన కొడుకు. చిన్నాయన లేడు, ఆ అన్న భీవండిలో పవర్‌లూమ్ పనికి పోయి అక్కడే ఉన్నాడు. అంటే ఇన్నాళ్లూ కేసు ఆగింది ఈ ఒక్క నోటీసు దగ్గరేనా?

నల్లకోటు
అవును. పాలమూరు కేసుల్లో ఇది ఎప్పుడూ ఉండే సమస్య. సగం వారసులు ముంబై, పుణె, భీవండిలో ఉంటారు. ఊరి చిరునామాకు నోటీసు పంపితే "లేరు" అని తిరిగి వస్తుంది. కొత్త చిరునామా ఇచ్చి, కోర్టుకు నోటీసు ఖర్చు అంటే బత్తా కట్టి, స్పీడ్ పోస్టులో పంపాలి. అదీ అందకపోతే పత్రికలో ప్రకటన వేయించడానికి కోర్టు అనుమతి అడగాలి. మనిషి దొరకడంలేదని కేసు ఏళ్ల తరబడి ఆగాల్సిన పని లేదు.

మా వృత్తి తరఫున కూడా ఒక మాట. చిరునామా ఇమ్మంటే ఇవ్వని, బత్తా డబ్బులు అడిగితే ముఖం చాటేసే క్లయింట్లు కూడా ఉంటారు. కానీ మీ విషయంలో ఆయన చిరునామా అడిగారా?

పాలమూరు_ఆడబిడ్డ
ఎవరూ అడగలేదు. ఆ అన్న నంబర్ నా ఫోన్‌లోనే ఉంది, రాఖీకి మాట్లాడతా. ఆయనకు మా మీద కోపం కూడా లేదు, ఆయన పాలు కూడా పెదనాయనే దున్నుకుంటున్నాడు.

మిర్యాలగూడ_మిల్లు
అయితే ఆయన మీ వైపు మనిషే! వెంటనే మాట్లాడండి. విభజన దావాలో ప్రతివాది కూడా తన పాలు తనకు ఇప్పించమని కోర్టును అడగవచ్చు. ఆయన వకీలును పెట్టుకుని హాజరైతే నోటీసు గొడవే ఉండదు.

ఇంకో జాగ్రత్త మా అనుభవం నుంచి. సాగర్ ఎడమ కాలువ కింద మాకు ఉమ్మడి పొలం ఉంది. కేసు నడుస్తుండగా ప్రతివాది అయిన మా మేనమామ చనిపోయాడు. ఎవరైనా పార్టీ చనిపోతే 90 రోజుల్లోపు వాళ్ల వారసులను కేసులో చేర్చమని పిటిషన్ వేయాలి. లేకపోతే ఆయన మీద కేసు రద్దయినట్టే. మా వకీలుకు మేం అదే వారం చెప్పాం, ఆయన వేయలేదు. తర్వాత రద్దును తీసేయించడానికి, ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్, దాని మీద వాదనలు, రెండేళ్లు అక్కడే పోయాయి. పాలోళ్లలో ముసలివాళ్లు ఉన్న కేసుల్లో ఈ గడువు తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి.

ఎర్రమన్ను
పన్నెండేళ్లు దాటితే పాలు రాదంటారు కదా? తాత పోయి ఇన్నేళ్లయింది. పెదనాయన అదే వాదిస్తే?

నల్లకోటు
చాలామంది ఇక్కడే భయపడతారు. పన్నెండేళ్లు తాత పోయిన రోజు నుంచి లెక్కపెట్టరు. ఉమ్మడి ఆస్తి ఒకరి సాగులో ఉంటే మిగతావాళ్లందరి తరఫునా ఉన్నట్టే లెక్క. "మీకు పాలు లేదు" అని బహిరంగంగా చెప్పి, అది మీకు తెలిసిన రోజు నుంచి గడువు మొదలవుతుంది. వీళ్లకు తెలిసింది 2018లో, దావా వేసింది 2021లో. భయం లేదు.

గద్వాల_చీర
చెల్లె, నేనొకటి అడుగుతా. నీకు మేనత్తలు లేరా? తాతకు ముగ్గురు కొడుకులే అన్నావు. కూతుళ్ల సంగతి రాయలేదు.

పాలమూరు_ఆడబిడ్డ
ఇద్దరున్నారు అక్కా. పెద్ద మేనత్త అచ్చంపేటలో, చిన్న మేనత్త దేవరకొండ దగ్గర. ఇద్దరి పెళ్లిళ్లు 1985 కంటే ముందే అయ్యాయి. దావాలో వాళ్ల పేర్లు లేవు. అప్పట్లో నేను అడిగా. "వాళ్లను చేరిస్తే మీ పాలు తగ్గుతుంది, వదిలేయండి" అన్నాడు వకీలు.

ఎర్రమన్ను
1985 కంటే ముందు పెళ్లయితే వాళ్లకు హక్కు లేదు. ఎన్టీఆర్ తెచ్చిన చట్టంలో అలాగే ఉంది. కాబట్టి వకీలు చెప్పింది కరెక్టే.

నల్లకోటు
@ఎర్రమన్ను అది పాత రాష్ట్ర సవరణ. 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకే పిత్రార్జితంలో సమాన హక్కు అని అందులో ఉండేది, నిజమే. కానీ 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర సవరణ అమల్లోకి వచ్చింది. పెళ్లి అయిందా లేదా అనే తేడా అందులో లేదు. తండ్రి 2005 నాటికి బతికి ఉండాలా అనే సందేహాన్ని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తీర్చేసింది. అవసరం లేదు, హక్కు పుట్టుకతోనే వస్తుందని చెప్పింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టర్ అయిన విభజన పత్రమో, కోర్టు డిక్రీయో ఉంటే తప్ప పాత పంపకాలు మామూలుగా చెల్లవు. వీళ్లది ఉత్త నోటిమాట పంపకం.

పోనీ, ఆ భూమి తాత స్వార్జితం అనుకుందాం. అప్పుడైనా వీలునామా లేకుండా పోయిన తండ్రి ఆస్తిలో కొడుకులూ కూతుళ్లూ సమానమే అని 1956 నుంచే చట్టం. ఎటు తిప్పినా మేనత్తలకు పాలు ఉంది.

ఇక్కడే పెద్ద ప్రమాదం కూడా ఉంది. విభజన దావాలో పాలుదారులందరూ పార్టీలుగా ఉండాలి. ఒక్కరిని వదిలేసినా అవతలి వకీలు చివర్లో లేచి "అవసరమైన పార్టీలు లేరు, దావా చెల్లదు" అంటాడు. ఇన్నేళ్ల శ్రమ నీళ్లపాలు.

చెల్క_రైతు
లెక్క చూద్దాం. 12 ఎకరాల 20 గుంటలు అంటే 500 గుంటలు. మూడు పాళ్లు అయితే మీ నాయిన వంతు 166 గుంటలకు పైన, అంటే నాలుగెకరాలు దాటుతుంది. ఐదు పాళ్లు అయితే 100 గుంటలు, రెండెకరాల ఇరవై గుంటలు. అది మళ్లీ అమ్మ, మీరు, తమ్ముడు పంచుకోవాలి. నానమ్మ తాత కంటే ముందే పోయిందా?

పాలమూరు_ఆడబిడ్డ
అవును, నానమ్మ ముందే పోయింది.

నల్లకోటు
అయితే చెల్క_రైతు లెక్క సరే. అందులో అమ్మగారికి ఎంత అనేది భూమి పిత్రార్జితమా, తాత స్వార్జితమా అన్నదాని మీద మారుతుంది. స్వార్జితం అయితే మీ ముగ్గురికీ సమానం. పిత్రార్జితం అయితే మీకూ తమ్మునికీ ఎక్కువ, అమ్మకు తక్కువ. అందుకే తాతకు ఆ భూమి ఎలా వచ్చిందో చూపే కాగితం ముఖ్యం.

కొత్త_సభ్యుడు_7
నిజం మాట్లాడుకుందాం. మేనత్తలు అడగనప్పుడు మనమెందుకు పిలిచి ఇవ్వాలి? వాళ్లు అరవై దాటినవాళ్లు, వాళ్ల పిల్లలు ఎప్పుడో స్థిరపడ్డారు. వాళ్ల దగ్గర హక్కు విడుదల పత్రం ఒకటి రాయించుకుంటే సరిపోతుంది.

పాలమూరు_ఆడబిడ్డ
@కొత్త_సభ్యుడు_7 రాత్రంతా ఇదే ఆలోచించా. పెదనాయన నన్ను ఏ మాట అని బయటికి తోశాడో, అదే మాట నేను మా మేనత్తల విషయంలో ఎలా అంటాను? "పెళ్లయిపోయింది, అడగలేదు, వాళ్లకు అవసరం లేదు" అని ఆయన కూడా నా గురించి అన్నాడు. మా చిన్న మేనత్త భర్త పోయాక టైలరింగ్ చేసి పిల్లలను చదివించింది. పుట్టింట్లో తనకు భూమి ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పాలు తగ్గితే తగ్గనీ. వాళ్ల పేర్లు లేకుండా నేను కేసు నడపను.

గద్వాల_చీర
ఈ మాట చదివి కళ్లల్లో నీళ్లొచ్చాయి చెల్లె. ఇలా ఆలోచించే మేనకోడలు మా ఇంట్లో ఒక్కతి ఉన్నా బాగుండేది.

పెద్దమనిషి_60
అమ్మాయీ, ఇందాక నేను చెప్పిన బంగారం మాట వెనక్కి తీసుకుంటున్నా. మేనత్తలను కలుపుకుని ముందుకు పో. ఐదుగురిలో నలుగురి వాళ్లు ఒక దిక్కు నిలబడితే నీ పెదనాయన తానే పెద్దమనుషుల దగ్గరికి వస్తాడు.

కొత్త_సభ్యుడు_7
సరే అక్కా, మీ ఇష్టాన్ని గౌరవిస్తా. నేను ఖర్చు తగ్గుతుందని అన్నాను.

సర్వే_గొలుసు
సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాను. కాగితాల సంగతి చెబుతా. తాతకు భూమి ఎలా వచ్చిందో చూడాలంటే 1954-55 ఖాస్రా పహాణీ మొదటి మెట్టు. అందులో తాత పేరు ఉందా, తాత తండ్రి పేరు ఉందా చూడండి. తాత తండ్రి పేరు ఉంటే పిత్రార్జితం అనడానికి బలం. దాంతోపాటు సేత్వార్, చెస్లా పహాణీ అనే పాత భూమి రికార్డులు, ఆ తర్వాతి ఏళ్ల పహాణీలు వరుసగా ధ్రువీకరించిన నకళ్లు తీసుకోండి. వకీలు దగ్గర ఉన్నవి జిరాక్సులే అయితే వాటి కోసం కొట్లాడే పని లేదు, తహసీల్ ఆఫీసు నుంచి మళ్లీ తీసుకోవచ్చు. పాత రికార్డు ఉర్దూలో ఉంటుంది. మా రోజుల్లో ఉర్దూ చదివే ఒక రిటైర్డ్ సార్ కోసం నాలుగు మండలాల వాళ్లు వచ్చేవాళ్లు, ఆయన ఇంట్లో రోజూ టీ గిన్నె పొయ్యి మీంచి దిగేది కాదు.

గెలిచాక ఏమవుతుందో కూడా తెలుసుకోండి. మొదట వచ్చేది ప్రిలిమినరీ డిక్రీ. ఎవరికి ఎంత పాలు అని మాత్రమే అందులో ఉంటుంది. ఆ కాగితం పట్టుకుని పొలం దగ్గరికి పోతే ఎవరూ గట్టు జరపరు. ఫైనల్ డిక్రీ కోసం పిటిషన్ వేస్తే కోర్టు ఒక వకీలును కమిషనర్‌గా పంపుతుంది. సర్వేయర్‌తో కొలిపించి, బావి ఎటు పోతుంది, బాట ఎటు, రోడ్డు ముఖం ఎవరికి అని ప్లాను గీసి ఇస్తారు. అసలు తగాదా అంతా అక్కడే వస్తుంది. కొలతల రోజు మీరు తప్పకుండా పొలంలో ఉండాలి. రోడ్డు ముఖం పోయి రాళ్లగుట్ట ముక్క వస్తే 100 గుంటలు ఉన్నా లాభం లేదు. ఫైనల్ డిక్రీని స్టాంపు కాగితం మీద రాయించుకునేదాకా పని అయినట్టు కాదు.

మూసీ_గట్టు
@సర్వే_గొలుసు సార్, ఈ బావి, బాట సంగతి ఎవరూ చెప్పరు. చాలా థాంక్స్.

అమెరికా_నల్గొండ
పుణె తమ్ముడి కోసం ఒక మాట. కోర్టుకు ప్రతిసారీ రాలేకపోతే జీపీఏ బదులు ఈ ఒక్క కేసుకు మాత్రమే పనికొచ్చే ప్రత్యేక అధికార పత్రం మీ పేరు మీద ఇవ్వమనండి. అమ్మడానికి, తాకట్టుకు, రాజీకి అధికారం లేదని అందులో రాయించండి. నేను డల్లాస్ నుంచి మా అక్కకు అలాగే ఇచ్చాను, కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి. విదేశాల నుంచి పంపే పత్రానికి ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి, అది మర్చిపోతారు చాలామంది. తమ్ముడు దేశంలోనే ఉన్నాడు కాబట్టి ఆ బాధ లేదు.

డిండి_వాగు
ఈలోపు పెదనాయన అమ్మేస్తే? పట్టా ఆయన పేరు మీదే ఉంది కదా.

నల్లకోటు
కేసు నడుస్తుండగా కొన్నవాడు ఆ కేసు తీర్పుకు కట్టుబడాలి, ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ అదే చెబుతుంది. కానీ కొన్నవాడు వచ్చి గుడిసె వేస్తే, ప్లాట్లు కొడితే మళ్లీ వాళ్లందరితో తలనొప్పి. అందుకే అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్ అడగాలి. దావాతో పాటు ఆ పిటిషన్ వేశారో లేదో చూడండి.

ఇక వకీలును మార్చడం. మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. "నా కేసు ఫైలు, నా ఒరిజినల్ కాగితాలు ఇవ్వండి, వేరే వకీలును పెట్టుకోవడానికి సమ్మతి ఇవ్వండి" అని. స్పీడ్ పోస్టులో పంపండి. ఫీజు బాకీ ఉంది కాబట్టి ఫైలు ఇవ్వను అనే హక్కు వకీలుకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. బాకీ ఉంటే ఆయన విడిగా వసూలు చేసుకోవాలి, ఫైలును పట్టిపెట్టకూడదు. సమ్మతి ఇవ్వకపోతే కోర్టునే అనుమతి అడగవచ్చు. న్యాయంగా ఇవ్వాల్సిన ఫీజు మాత్రం లెక్క చూసి ఇచ్చేయండి, రసీదు తీసుకోండి.

పాలమూరు_ఆడబిడ్డ
కొత్త వకీలు ఫీజు గురించే భయం. మళ్లీ ఇలాంటివాడే దొరికితే?

మిర్యాలగూడ_మిల్లు
జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి, కోర్టు ఆవరణలోనే ఉంటుంది. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మీరూ అమ్మా ఇద్దరూ అర్హులే, మేనత్తలు కూడా. 15100కు ఫోన్ చేసినా చెబుతారు. ఉచితం అంటే పనికిరాని వకీలు అనుకోవద్దు, మా వదిన కేసులో ఇచ్చిన అమ్మాయి ప్రతి వాయిదాకూ ముందురోజే ఫోన్ చేసేది.

రాజీకి పెదనాయన ఒప్పుకుంటే కేసును లోక్ అదాలత్‌కు పంపమని అడగండి. అక్కడ రాసుకున్న అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. పెద్దమనుషులు తెల్లకాగితం మీద రాసిన ఒప్పందం కంటే వెయ్యి రెట్లు నయం.

ఎర్రమన్ను
భూ భారతి (కొత్త భూ రికార్డుల చట్టం) వచ్చింది కదా, తహసీల్దార్‌కే దరఖాస్తు పెట్టి విరాసత్ రద్దు చేయించలేమా? కోర్టు ఎందుకు?

సర్వే_గొలుసు
భూ భారతి చట్టంలో విరాసత్‌కు ముందు వారసులకు నోటీసులు, విచారణ పెట్టారు, అప్పీలుకు ఆర్డీవో, కలెక్టర్ ఉన్నారు. ఇకముందు జరిగేవాటికి మంచిదే. కానీ వీళ్ల తగాదా ఎవరికి ఎంత హక్కు అని. అది సివిల్ కోర్టే తేల్చాలి. డిక్రీ వచ్చాక దాన్ని రికార్డులోకి ఎక్కించడానికి తహసీల్ ఆఫీసుకు పోవాలి.

పాలమూరు_ఆడబిడ్డ
అప్‌డేట్ ఇస్తున్నా, ఇక్కడ చెప్పినవాళ్లందరికీ తెలియాలని.

వకీలుకు ఉత్తరం పంపాం. మొదట గుమాస్తా ఫోన్ చేసి కోపం చేశాడు. 20వ నియమం గురించి ఉత్తరంలో ఒక్క వాక్యం రాశాం, ఆ తర్వాత ఫైలు, పాత పాసుబుక్కు, సమ్మతి అన్నీ వచ్చాయి. జీపీఏ మాట మళ్లీ ఎత్తలేదు. న్యాయ సేవాధికార సంస్థ నుంచి కొత్త వకీలు మేడమ్ వచ్చారు. భీవండి అన్న ఇక్కడికి వచ్చి హాజరయ్యాడు, తన పాలు తనకు ఇప్పించమని జవాబు వేస్తున్నాడు. పాత ఫైలులో ఇంజంక్షన్ పిటిషన్ లేదు, ఇప్పుడు వేస్తున్నాం.

అమ్మను తీసుకుని ఇద్దరు మేనత్తల దగ్గరికీ పోయాం. చిన్న మేనత్త చాలాసేపు నమ్మలేదు. తర్వాత ఏ సర్వే నంబర్ అని అడిగింది, చిన్నప్పుడు వేరుశనగ పీకిన చెలక ఎటు దిక్కో గుర్తుచేసుకుని చెప్పింది. ఆమెకు పాలు కావాలి. పెద్ద మేనత్త మాత్రం "నాకు వద్దు బిడ్డా, నా వంతు చెల్లెకే ఇవ్వండి" అంది. పెద్ద మేనత్తను కేసులో చేర్చకుండా వదిలేయవచ్చా?

గద్వాల_చీర
చిన్న మేనత్తకు నా తరఫున నమస్కారం చెప్పు చెల్లె.

నల్లకోటు
వదిలేయకూడదు. నోటితో "వద్దు" అంటే చట్టం దృష్టిలో వదులుకున్నట్టు కాదు. స్థిరాస్తిలో హక్కు వదులుకోవాలంటే రిజిస్టర్ అయిన విడుదల పత్రం కావాలి. ముందు ఇద్దరినీ పార్టీలుగా చేర్చండి. పెద్దావిడ తన పాలు చెల్లెకే ఇవ్వాలనుకుంటే చెల్లె పేరు స్పష్టంగా రాసి రిజిస్ట్రేషన్ చేయించవచ్చు, లేదా కోర్టులోనే రాజీ పత్రంలో చెప్పవచ్చు. ఆమె పిల్లలకు కూడా ఈ సంగతి తెలిసి ఉంటే తర్వాత గొడవ రాదు.

మేడమ్‌ను ఒకటి అడగండి. మేనత్తలను చేర్చే పిటిషన్‌తో పాటు దావా సవరణ పిటిషన్ కూడా వేయాలి. పాత దావాలో మూడో వంతు అని అడిగి ఉంటారు, అది ఐదో వంతు అని మారాలి. స్వాధీనం గురించి ఏం రాశారో కూడా చూడమనండి. ఉమ్మడి స్వాధీనంలో ఉన్నామంటే కోర్టు ఫీజు నామమాత్రం, స్వాధీనం లేదంటే మీ పాలు విలువ మీద కట్టాలి.

పాలమూరు_ఆడబిడ్డ
మూడో వంతు అనే ఉంది. రేపే మేడమ్‌కు చెబుతా. ఖాస్రా పహాణీ నకలుకు కూడా దరఖాస్తు పెట్టాం.

సర్వే_గొలుసు
నకలు వచ్చాక ఉర్దూ చదవడం కష్టమైతే ఇక్కడే అడగండి. సర్వే నంబర్, పేర్లు కనబడకుండా కప్పేసి, చదవాల్సిన కాలమ్ వరకే ఫోటో పెట్టండి. పట్టాదారు, ఖాబిజ్ (సాగులో ఉన్నవాడు) కాలమ్‌లు రెండూ పెట్టండి, ఒక్కటి చూసి చెప్పలేం.

చెల్క_రైతు
కోర్టు వాయిదా రోజు అమ్మను ఒక్కదాన్నే పంపకండి. కల్వకుర్తి నుంచి పొద్దున బస్సులకు రద్దీ ఎక్కువ, ముందురోజే బయల్దేరండి.